ఒక్క ఊపిరికి పద్నాలుగు స్టాపులు

మ్యాన్‌హోల్ మూత తెరవగానే కొట్టే వాసన ఇప్పుడు నన్నేమీ చెయ్యదు. పనిలో చేరిన కొత్తలో రెండు మాస్కులు పెట్టుకున్నా కడుపులో దేవేది. ఏడు నెలలు గడిచేసరికి ముక్కు ఎంత ముదిరిందంటే, ఏ బ్లాకులో పెందలాడే బట్టలు నానబెట్టారో, ఎవరి ట్యాంకు పొర్లి పోతోందో వాసనని బట్టే చెప్పేదాన్ని. ఎవరి ఒంట్లో జబ్బు దూరిందో మాత్రం ముక్కుకి తెలియదు. దానికి సీసా నింపి ల్యాబ్‌కి చేర్చాలి.

ఆ సోమవారం పొద్దున్న ఆరున్నరకి రెండో బ్లాకు వెనక, తెరిచిన మ్యాన్‌హోల్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాను. చేతిలో పొడుగు కర్ర, కర్ర చివర బిగించిన స్టీలు చెంబు. పక్కన ఐస్ డబ్బా. అందులో ఒక సీసా నిండింది, రెండు ఖాళీ.

మావి నీటి సరఫరా ఆఫీసు వాళ్ళ క్వార్టర్లు. మూడు బ్లాకులు, బ్లాకుకి పదహారు ఇళ్ళు. ఒక్కో బ్లాకు మురుగంతా వెనకున్న ఒక మ్యాన్‌హోల్‌లోకి దిగి, అక్కడి నుంచి పెద్ద లైనులో కలుస్తుంది. జనం లేచి బాత్రూములకి వెళ్ళే వేళకి ఒక్కో మ్యాన్‌హోల్ నుంచి ఒక సీసా తియ్యాలి. మనిషికి జ్వరం రాకముందే, దగ్గు మొదలవకముందే ఆ వైరస్ తునకలు మురుగులోకి దిగుతాయట. "ముక్కులో పుల్ల పెడితే ఒక్క మనిషి సంగతి తెలుస్తుంది. నీ ఒక్క సీసాతో అరవై మంది సంగతి తెలుస్తుంది. నువ్వు మోసుకొచ్చేది మురుగనుకోకు, ఉత్తరం అనుకో" అన్నారు ల్యాబ్ మేడమ్, నేను చేరిన మొదటి రోజున. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన దాన్ని. నా చేతి మీదుగా అంత పెద్ద సంగతి నడుస్తుందంటే ఆ రోజంతా గాల్లో తేలాను.

"ఏమ్మాయ్, మాస్కు నోటికి కుట్టేసుకున్నావా ఏంటి? ఇందాకట్నుంచి పలుకే లేదు" అన్నాడు మూతల బాబాయ్. ఇనప కొక్కెంతో మూతలు లేపేది ఆయనే. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఆయన అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకి కూడా గుర్తుండదు.

"నిద్ర లేదు బాబాయ్."

"పిచ్చుక కూతలా?"

పిచ్చుక అంటే నా కూతురు. పద్నాలుగు నెలలది.

"పళ్ళొస్తున్నాయి" అన్నాను. నోటికి వచ్చిన అబద్ధం అది. పిచ్చుకకి ముందు రోజు సాయంత్రం నుంచి జ్వరం. థర్మామీటరు నూట ఒకటి చూపించింది.

బాబాయ్ కొక్కెంతో మ్యాన్‌హోల్ గోడకి అడ్డం పడిందేదో లాగుతూ తిట్టుకున్నాడు. "చూడు, ఈ రెండో బ్లాకు వాళ్ళు డైపర్లు లోపలికి తోసేస్తారు. పిల్లని కనడం తెలుసు, చెత్తబుట్ట ఎక్కడుందో తెలీదు. మీ అత్త నయం. డైపర్‌కి టేపు చుట్టి, పార్సిలు కట్టి మరీ పారేస్తుంది. మొన్న చెత్తబండి వాడు ఎవరో ఏదో పంపారనుకుని విప్పబోయాట్ట."

ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని. నా మనసంతా ముప్పై తొమ్మిది అనే అంకె మీద ఉంది.

శనివారం మా మూడో బ్లాకు సీసాకి వచ్చిన అంకె అది. ల్యాబ్‌లో ఒక మిషను ఉంది. సీసాలో ఉన్న తునకల్ని ఒక్కో చుట్టుకి రెట్టింపు చేసుకుంటూ పోతుంది. ఎన్నో చుట్టుకి కంటికి ఆనిందో అదే అంకె. త్వరగా ఆనితే జబ్బు ఎక్కువున్నట్టు. ఇరవైల్లో వస్తే గట్టిగా ఉన్నట్టు. నలభై చుట్లు తిరిగినా ఏమీ కనబడకపోతే శుభ్రం. ముప్పై తొమ్మిదంటే ఉందీ లేనట్టు. "రేపు సెలవు. సోమవారం సీసా చూసి తేలుద్దాం" అన్నారు మేడమ్.

అలా అన్న మర్నాడే పిచ్చుకకి ఒళ్ళు కాలింది. రెండూ కలుపుకుంటే ఇంకేం తేల్చాలి?

నాకు భయం జబ్బు ఒక్కటే కాదు. అంతకు ముందు నెలలో ఒకటో బ్లాకు సీసాకి ఇరవై తొమ్మిది వచ్చింది. మూడు గంటల్లో బ్లాకు గేటుకి తాళం పడింది, అందరి ముక్కుల్లోనూ పుల్లలు పెట్టారు. ఆ బ్లాకులో ఉండే కుట్టుమిషను అక్క కొడుక్కి రెండేళ్ళు. వాడికి ఉందని తేలింది, అక్కకి లేదని తేలింది. లేనివాళ్ళని వార్డులోకి రానివ్వరట. వాడిని తెల్ల సూటు వేసుకున్న మనిషి ఎత్తుకుపోయాడు. పదకొండు రోజులు అక్క వాడిని ఫోన్‌లోనే చూసుకుంది. వాడు తిరిగొచ్చిన రోజు నేను గేటు దగ్గరే ఉన్నాను. అక్క చేతులు చాస్తే మొహం తిప్పుకుని, దింపడానికి వచ్చిన నర్సు మెడ పట్టుకున్నాడు. ఆ అక్క మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందు నుంచి పోదు.

"నేను పోయి మీ బ్లాకు మూత తీస్తుంటా. నువ్వు నింపుకుని రా" అని బాబాయ్ కొక్కెం భుజాన వేసుకుని కదిలాడు. రోజూ అంతే. నేను నింపేలోపు ఆయన తరవాతి మూత తీసి ఉంచుతాడు.

ఆయన మూల తిరిగేదాకా చూశాను. చెంబు రెండోసారి దించాను. రెండో బ్లాకు సీసా నింపి మూత బిగించాను. మూడో బ్లాకు లేబులున్న సీసాని కూడా అదే నీళ్ళతో నింపాను. మా బ్లాకు వెనక్కి వెళ్ళాక బాబాయ్ చూస్తుండగా కర్ర లోపలికి దించి, ఆయన చెయ్యి కడుక్కోవడానికి కుళాయి వైపు తిరగ్గానే చెంబుని తిరిగి అందులోనే వంచేశాను.

మధ్యాహ్నం ల్యాబ్‌లో పాత సీసాలు కడుగుతుంటే మేడమ్ గొంతు వినిపించింది. "మూడో బ్లాకు శుభ్రం. శనివారం వచ్చింది మిషను చాదస్తం అన్నమాట." రిజిస్టర్‌లో ముప్పై తొమ్మిది మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టారు. గీత గీసిన చప్పుడు అంత దూరానికి వినబడదు. నాకు వినబడింది.

*

పిచ్చుకని చూసుకునేది మా అత్తయ్య. పిచ్చుక వాళ్ళ నాన్న ఆక్సిజన్ సిలిండర్లు నింపే ఫ్యాక్టరీలో ఉన్నాడు. పని ఆగకూడదని ఆరు వారాలుగా వాళ్ళని లోపలే ఉంచి, అక్కడే తిండి పెట్టి, అక్కడే పడుకోబెడుతున్నారు. రోజుకొకసారి ఫోన్ చేస్తాడు. జ్వరం సంగతి చెప్పలేదు. చెప్తే మాత్రం గోడ దూకి వస్తాడా?

అత్తయ్య బస్సు కండక్టరు. ఇరవై ఆరేళ్ళు చేసి దిగిపోయింది, గొంతు మాత్రం బస్సులోనే ఉండిపోయింది. మూడో అంతస్తులో మా ఇంట్లో ఆవిడ గుసగుసలాడితే కింద వాచ్‌మన్ బదులు పలుకుతాడు. పిచ్చుకని నిద్రపుచ్చడానికి ఆవిడకి పాటలు రావు. తన రూటులో స్టాపుల పేర్లు చెప్తుంది. ఒక్క ఊపిరిలో పద్నాలుగూ. "పాత మార్కెట్టు, పిండిమర, జంట స్తంభాలు, పెద్ద స్కూలు, చిన్న స్కూలు, వంతెన ఇవతల, వంతెన అవతల, పాల డిపో, గడియారం, కోర్టు, ఆసుపత్రి, గోదాములు, రైలు గేటు, ఆఖరి స్టాపూ, దిగండి దిగండి." ఆ దిగండి దగ్గర పిచ్చుక పొట్ట పట్టుకుని నవ్వుతుంది. నిద్రపుచ్చే పాటకి నవ్వే పిల్ల ఇదొక్కతే.

మంగళవారం సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేసరికి పిచ్చుక అత్తయ్య ఒళ్ళో వాడిపోయి ఉంది.

"డాక్టరుకి చూపిద్దామే" అంది అత్తయ్య.

"చూపిస్తే టెస్టు రాస్తారు. టెస్టు చేస్తే పట్టుకుపోతారు. ఇంకొక్క రోజు చూద్దాం అత్తయ్యా."

"నీ ఇష్టం తల్లీ. నేను టికెట్లు కొట్టినదాన్నే కానీ మందులిచ్చినదాన్ని కాదు. కాస్త ఆ గిన్నె అందుకో, లేవబుద్ధి కావడం లేదు."

గిన్నె అందించాను. లేవబుద్ధి కావడం లేదన్న మాట చెవిలో పడింది, లోపలికి దిగలేదు. నా చెయ్యి పిల్ల నుదుటి మీద ఉంది. చెవులూ ముక్కూ అన్నీ పిల్ల ఊపిరి మీదే ఉన్నాయి.

బుధవారం కూడా రెండో బ్లాకు నీళ్ళే రెండు సీసాల్లో పోశాను. ఆ మధ్యాహ్నం దొరికిపోయాననే అనుకున్నాను.

ల్యాబ్‌లో ఇంకో లెక్క కూడా చూస్తారు. మిరప మొక్కలకి వచ్చే ఒక తెగులు వైరస్ ఉంది. అది మనిషిని ఏమీ చెయ్యదు. మిరపకాయ తిన్న ప్రతివాళ్ళ నుంచీ బయటికి వస్తుంది. సీసాలో అది కనబడిందంటే తెచ్చింది నిజంగా మురుగే అని గుర్తు. కుళాయి నీళ్ళు పట్టి తెస్తే ఇట్టే దొరికిపోతారు. నాకు ఆ సంగతి తెలుసు, అందుకే కుళాయి జోలికి పోలేదు.

"ఇటు రామ్మా" అన్నారు మేడమ్, తెర మీద నుంచి కళ్ళు తియ్యకుండా. "నీకు ఒక తమాషా చూపిస్తా. మిరప అంకెలు. రెండో బ్లాకు పద్దెనిమిది పాయింట్ మూడు. మూడో బ్లాకు కూడా పద్దెనిమిది పాయింట్ మూడు. నిన్న కూడా రెండూ ఒకటే. కవల పిల్లల్లా లేవూ?"

నా చేతిలో కడుగుతున్న సీసా ఉంది. దాని అడుగున నురగ ఉంది. ఆ నురగనే చూస్తూ నిలబడ్డాను.

"అందరం ఒకే బడ్డీలో కొంటాం మేడమ్" అన్నాను.

ఆవిడ నవ్వారు. "మిరపకాయలు ఒకటే కొన్నా తినడం కూడా ఒకేలా తింటారా ఏంటి" అని, అప్పుడే ఫోన్ మోగితే అటు వెళ్ళిపోయారు. కొత్త టీకా మందు ఎన్నో తారీఖుకి వస్తుందో, ఎంత చల్లటి పెట్టెలో దాచాలో ఎవరో అడుగుతున్నారు. తెర మీద ఆ రెండు అంకెలూ పక్కపక్కన అలాగే ఉండిపోయాయి.

ఆ రోజు సాయంత్రానికి పిచ్చుక జ్వరం దిగింది. గురువారం పొద్దున ముద్ద పెడుతుంటే చెంచాకి టక్కున ఏదో తగిలింది. పెదవి పైకెత్తి చూస్తే చిగురులో తెల్లటి అంచు. మొదటి దవడ పన్ను. బాబాయ్‌కి చెప్పిన అబద్ధం నిజమై కూర్చుంది. నేను ఆ పంటిని వేలితో తడిమి తడిమి చూసుకుని, వంటింట్లో కూలబడి ఏడ్చాను. పిల్లకి ఏమీ లేదు. ఏమీ లేదు.

గురువారం ఒక్కరోజు మాత్రం మళ్ళీ పాత పనే చేశాను. జ్వరం దిగినా నీళ్ళలో ఇంకా మిగులుతుందేమోనని. శుక్రవారం పొద్దున మా మ్యాన్‌హోల్‌లోకి కర్ర దించి, మా నీళ్ళతోనే మా సీసా నింపాను. నాలుగు రోజుల తరవాత మొదటిసారి బాబాయ్ మొహంలోకి చూసి మాట్లాడాను.

*

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. మిషను ఆగిన చప్పుడు. తరవాత మేడమ్ కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.

"ఇదేంటి?"

నేను తడి చేతులతోనే వెళ్ళాను.

"మూడో బ్లాకు ఇరవై ఆరు" అన్నారు మేడమ్.

ఇరవై ఆరంటే ఒకటో బ్లాకుకి తాళం పడ్డ అంకె కన్నా ఘోరం. నాకు ముందు తోచింది పిచ్చుకే. పన్ను కాదు, జబ్బే. నాలుగు రోజులు దాచింది జబ్బునే. బల్ల అంచు పట్టుకున్నాను.

అలా పట్టుకుని ఉండగానే నాకు టేపు చుట్టిన పార్సిలు గుర్తొచ్చింది.

పిచ్చుక డైపర్ చెత్తబుట్టలోకి పోతుంది. పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కటంటే ఒక్కటి బాత్రూములోకి పోలేదు. ఈ పద్నాలుగు నెలల్లో నా కూతురు ఆ మ్యాన్‌హోల్‌లోకి చుక్క వదల్లేదు. శనివారం ముప్పై తొమ్మిది దానిది కాదు. ఈ ఇరవై ఆరూ దానిది కాదు. అసలు ఆ సీసాలో లేని పిల్లని ఆ సీసా నుంచి కాపాడాలని నాలుగు రోజులు దొంగతనం చేశాను. రోజూ మురుగు తోడే దాన్ని, నాకే తట్టలేదు.

పిల్లది కాకపోతే మరి ఎవరిది?

మేడమ్ తనలో తాను మాట్లాడుకుంటున్నారు. "నిన్న సున్నా, మొన్న సున్నా, ఇవాళ ఒక్కసారిగా ఇరవై ఆరు. ఇలా ఎక్కడా రాదు. మెట్లెక్కినట్టు వస్తుంది, పైకప్పు మీంచి ఊడిపడదు. లేబుళ్ళు తారుమారయ్యాయేమో. బయటి నుంచి ఏదైనా కలిసిందేమో." నా వైపు తిరిగారు. "దీన్ని నమ్మి బ్లాకు మూయించలేను. రేపు మళ్ళీ సీసా తీసుకురా. రెండుసార్లు పెట్టి చూసి అప్పుడు చెబుదాం."

రేపు మధ్యాహ్నం అంటే ఇంకో ఇరవై నాలుగు గంటలు.

"ఒక్క నిమిషం మేడమ్" అని వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేశాను.

"ఏమే, ఈ వేళప్పుడు చేశావు" అంది అత్తయ్య.

"పిచ్చుక ఏం చేస్తోంది?"

"నిద్రకి... మారాం. బస్సెక్కిస్తున్నా." ఫోన్ పక్కన పెట్టి మొదలుపెట్టింది. "పాత మార్కెట్టు, పిండిమర, జంట స్తంభాలు..." ఆగింది. ఊపిరి లోపలికి లాగిన చప్పుడు, ఈల లాగా సన్నగా. "పెద్ద స్కూలు..." మళ్ళీ ఆగింది. "చిన్న స్కూలు."

"అత్తయ్యా, ఆయాసంగా ఉందా?"

"ఆయాసమా? ఏం లేదే. ఒళ్ళు కాస్త బరువు. ఈ పిల్ల నిన్నటి నుంచి... మళ్ళీ తినడం మొదలెట్టింది కదా, మోస్తుంటే..." ఆగింది. "బరువెక్కింది."

ఒక్క ఊపిరికి పద్నాలుగు స్టాపులు చెప్పే మనిషి మూడో స్టాపులో ఆగిపోయింది. దగ్గు లేదు, జ్వరం లేదు, గొంతులో నవ్వు కూడా అలాగే ఉంది. మంగళవారం లేవబుద్ధి కావడం లేదన్న మాట అప్పుడు దిగింది నా లోపలికి.

తిరిగి లోపలికి వెళ్ళడానికి వరండాలో పది అడుగులు. ఆ పది అడుగుల్లో నేను చాలా ఆలోచించాను. చెప్పకుండా ఎలా నెట్టుకురావాలా అని కూడా ఆలోచించాను. అత్తయ్యకి బాగోలేదని చెప్పి సెలవు అడగొచ్చు. అడిగితే, సరే వెళ్ళు అంటారు. వెళ్ళి నేనొక్కదాన్నే ఏం చేస్తాను? బ్లాకు అనుమానం జాబితాలో ఉంటేనే అంబులెన్సు వెంటనే వస్తుంది. లేకపోతే వరస. ఆ వారం వరస ఎంత పొడుగుందో ఊరందరికీ తెలుసు.

"మేడమ్, ఇవాళ్టి సీసా నిజం" అన్నాను. "నిన్నటివే అబద్ధం. సోమవారం నుంచి నాలుగు రోజులూ మూడో బ్లాకు సీసాలో పోసింది రెండో బ్లాకు నీళ్ళు. నేనే పోశాను. పిల్లకి జ్వరం వచ్చింది. పట్టుకుపోతారని పోశాను."

మేడమ్ తిట్టలేదు. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. అవి నా మీద నుంచి తెర మీదకి, తెర మీద నుంచి రిజిస్టరు మీదకి వెళ్ళాయి. ఎర్ర గీత మీద ఆగాయి.

"కవలలు" అన్నారు. "మిషను నాకు చూపించింది. నేనే నవ్వి ఊరుకున్నా."

"మా అత్తయ్యకి ఊపిరి అందడం లేదు మేడమ్. తనకి తెలియడం లేదు."

ఆవిడ సొరుగు లాగి వేలికి పెట్టే ఆక్సీమీటర్ తీశారు, రెండో చేత్తో ఫోన్ అందుకున్నారు. అంబులెన్సు వాళ్ళకి బ్లాకు నెంబరు, ఇల్లు, వయసు, అన్నీ ఒక్క దమ్మున చెప్పారు. ల్యాబ్ జీపు నడిపేదీ బాబాయే, ఆయన్ని పిలిచి బండి తియ్యమన్నారు.

క్వార్టర్ల గేటు దగ్గరికి వచ్చాక మేడమ్ అద్దంలోంచి బయటికి చూస్తూ అన్నారు. "పిల్లల్ని తల్లి నుంచి తీసుకెళ్ళే రూలు మార్చేసి పది రోజులైంది. కుట్టుమిషను ఆవిడ గొడవ చేశాకే మార్చారు. నన్నొక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని."

బాబాయ్ అద్దంలోంచి నన్ను చూసి, చూపు తిప్పుకున్నాడు.

*

మూడంతస్తులు ఎలా ఎక్కానో తెలియదు. అత్తయ్య మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పిచ్చుక పక్కన నిద్రపోతోంది. తల నుంచి కాళ్ళదాకా సూటు తొడుక్కున్న మేడమ్‌ని చూసి అత్తయ్య, "ఈ ఉడుపులో... టికెట్ చెకింగుకి వచ్చారా" అంది. పెదవులు సీసం రంగులో ఉన్నాయి. పొద్దున్న నేను చూసి వెళ్ళిన పెదవులేనా అవి? చూశానా అసలు?

వేలికి ఆక్సీమీటర్ పెట్టాను.

"బట్టలారేసే క్లిప్పులా ఉందే" అంది అత్తయ్య.

అంకె మెరిసింది, మారింది, మళ్ళీ మారింది, నిలబడింది. ఎనభై రెండు. తొంభై నాలుగుకి తగ్గకూడదని ల్యాబ్ గోడ మీద పెద్ద కాగితం ఉంటుంది. వేలు సరిగా దూరలేదేమోనని ఇంకో వేలికి పెట్టాను. ఎనభై రెండు.

"ఎంతుంది?" అంది అత్తయ్య.

"తక్కువుంది."

"మరి నాకేం... తెలియడం లేదే."

"అదే దీని మాయ" అన్నారు మేడమ్. "మాట్లాడకండమ్మా, బోర్లా పడుకోండి." నేను దిండ్లు సర్ది పొట్ట కింద పెట్టాను. అంబులెన్సు రావడానికి పదిహేడు నిమిషాలు పట్టింది. ఆ పదిహేడు నిమిషాలూ అత్తయ్య వేలి మీద అంకె ఎనభై రెండుకీ ఎనభై అయిదుకీ మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంది. నేను దాన్నే చూస్తూ ఉన్నాను. సోమవారం, మంగళవారం, బుధవారం, గురువారం. నాలుగు సీసాలు. ఒక్కో సీసా ఒక్కో రోజు.

స్ట్రెచరు మీద దింపుతుంటే రెండో అంతస్తు మలుపులో అత్తయ్య ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకి తీసి, "మా వాడు నింపిన గాలేమో ఇది... మంచిగా నింపాడో లేదో" అంది. మోస్తున్న ఇద్దరూ నవ్వాపుకోలేక మెట్టు మీద ఆగారు.

బ్లాకుకి తాళం పడింది. సాయంత్రానికి అందరికీ పుల్లలు పెట్టారు. అత్తయ్యతో పాటు ఇంకో ముగ్గురికి ఉందని తేలింది. అందులో ఒకతను పార్సిళ్ళ గోదాములో పనిచేస్తాడు. సోమవారం నుంచి గురువారం దాకా రోజూ పనికి వెళ్ళొచ్చాడు. నాకు లేదు. పిచ్చుకకి ఉంది. ఒంట్లో ఉందే గానీ జ్వరం లేదు, ఆట మానలేదు. ఆ మూడు రోజుల జ్వరం పంటిదో జబ్బుదో ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. దాన్ని నా దగ్గరే ఉంచారు.

మేడమ్ వెళ్తూ గడప బయట నిలబడి, "రేపటి నుంచి సీసాలు వేరేవాళ్ళు తెస్తారు" అన్నారు. నేను తలూపాను. సీసాల మీద లేబుళ్ళు నా చేతిరాతతో నెలాఖరుదాకా అంటించి ఉంచాను. అవి వాడతారో చింపేస్తారో అడగాలనిపించింది. అడగలేదు.

పిచ్చుక నాన్న ఫోన్ చేస్తే అన్నీ చెప్పాను. "అమ్మ ఎలా ఉందో కనుక్కుని చెప్పు" అని పెట్టేశాడు. తరవాతి రెండు రోజులూ ఫోన్ చేసి పిల్ల గురించీ అమ్మ గురించీ అడిగాడు. నా గురించి అడగలేదు.

*

రోజూ పొద్దున ఆరున్నరకి కిందనుంచి ఇనప కొక్కెం మూతకి తగిలిన చప్పుడు వస్తుంది. కిటికీలోంచి చూస్తే మూతల బాబాయ్, పక్కన కొత్త అమ్మాయి. ఆ అమ్మాయికి ఇంకా చెయ్యి తిరగలేదు. కర్ర సగమే దించుతుంది. మూడో రోజు నేను ఉండబట్టలేక, "ఇంకా కిందకి దించమ్మా, పైనంతా సబ్బు నురగే ఉంటుంది, కింద పారే నీళ్ళు పట్టు" అని కేక వేశాను. ఆ అమ్మాయి బెదిరి బాబాయ్ వైపు చూసింది. బాబాయ్ తల పైకెత్తలేదు. "ఆవిడ చెప్పినట్టు చెయ్యి" అన్నాడు.

అత్తయ్య మొదటి మూడు రోజులూ మాట్లాడే స్థితిలో లేదు. నర్సు ఒకావిడ పూటకొకసారి అంకె మాత్రం చెప్పేది. ఎనభై ఎనిమిది. ఎనభై ఆరు. తొంభై. మళ్ళీ ఎనభై ఎనిమిది. "ఇంకొక్క రోజు ఇంట్లో ఉంచితే మా దాకా బతికి వచ్చేది కాదమ్మా" అంది ఆవిడ ఒకసారి, నన్ను ఓదార్చడానికే. నేను ఒక్క రోజు కాదు, నాలుగు రోజులు ఉంచానని ఆవిడకి తెలియదు.

ఆరో రోజు మధ్యాహ్నం అత్తయ్యే ఫోన్ చేసింది. తెర మీద ముక్కులో గొట్టాలతో సగం మొహం, సగం దిండు.

"పిల్లేది?"

"నిద్రపోతోంది. అత్తయ్యా, మీకొకటి చెప్పాలి." చెప్పకపోయినా ఎవరో ఒకరు చెబుతారని కాదు. చెప్పకపోతే ఇంక ఆ మొహంలోకి చూడలేను. "మీ సంగతి సోమవారమే తెలిసేది. నేనే సీసా మార్చాను. నాలుగు రోజులు మార్చాను."

గొట్టాల్లో గాలి బుసబుస. అత్తయ్య కళ్ళు తెర మీదే ఉన్నాయి.

"పిల్లని... ఎవరికీ ఇవ్వననుకున్నావు" అంది. "నన్ను మాత్రం... ఇచ్చేసేదానివి."

ఏడిస్తే ఆవిడ ఆయాసపడుతూ ఊరుకోబెట్టాల్సి వస్తుంది. ఏడవలేదు. ఆ మాటని అలాగే పట్టుకుని నిలబడ్డాను.

మా మాటల అలికిడికి పిచ్చుక లేచింది. పాకుతూ వచ్చి తెర మీద మొహాన్ని గుర్తుపట్టి, రెండు చేతులతో ఫోన్ లాక్కుని అంచు కొరికింది.

"పన్ను ఎంతొచ్చిందో చూపించు" అంది అత్తయ్య. నేను పిచ్చుక పెదవి పైకెత్తాను. అత్తయ్య చూసింది. చాలాసేపు చూసింది. తరవాత దిండు మీద తల కాస్త పైకి జరుపుకుంది.

"ఎక్కండి ఎక్కండి" అంది.

పిచ్చుక కొరకడం ఆపింది.

"పాత మార్కెట్టు, పిండిమర, జంట స్తంభాలు, పెద్ద స్కూలు" అంది అత్తయ్య. నేను వేళ్ళు ముడుస్తున్నాను. "చిన్న స్కూలు, వంతెన ఇవతల." గొంతు సన్నబడింది. "వంతెన అవతల, పాల డిపో..."

ఆగింది. గాలి లోపలికి లాగింది. పిచ్చుక నా మొహంలోకీ ఫోన్‌లోకీ మార్చి మార్చి చూస్తోంది, ఇంకా నవ్వే చోటు రాలేదని దానికి తెలుసు.

ఎనిమిది. శుక్రవారం మూడు.

"మిగతావి రేపు" అంది అత్తయ్య, కళ్ళు మూసుకుని. "ఫోన్ పెట్టకు. పిల్లని అక్కడే ఉంచు."

ఫోన్‌ని గోడకి ఆనించి పెట్టాను. పిచ్చుక దాని ముందు బోర్లా పడుకుంది. నేను కొంచెం పక్కకి, అత్తయ్యకి తెరలో కనబడకుండా కూర్చున్నాను.